పగులు మొదలైన చోటు

మన తెలుగు చిత్రాలలో ఒక మనిషికి మతి చెడడానికి ఎంత కాలం పడుతుంది? సాధారణంగా ఒక నిమిషానికి మించదు. దుర్వార్త చెవిని పడుతుంది. ఆకాశంలో మెరుపు మెరుస్తుంది. చేతిలోని పళ్ళెం జారి నేలమీద గిరగిర తిరుగుతుంది, కెమెరా కూడా దానితోపాటు తిరుగుతుంది. ఆ తిరుగుడు ఆగేసరికి పాత్ర జుట్టు విరబోసుకొని నవ్వుతూ ఉంటుంది. మతి తిరిగి రావడానికి పట్టే కాలం ఇంకా తక్కువ. మెట్లమీదినుండి జారిపడినా, తలమీద కర్రదెబ్బ తగిలినా, చిన్ననాటి పాట వినిపించినా చాలును. ఈ రెండు ఘట్టాల నడుమ హాస్యనటుడు ప్రవేశించి "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని ఒక మాట విసరి పోతాడు. హాలంతా గొల్లుమంటుంది.

ఎర్రగడ్డ హైదరాబాదులోని ఒక పేట. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న పాపానికి ఆ పేట పేరే ఎగతాళి మాట అయిపోయినది. ఆసుపత్రి ఉన్న చోటి పేరు తిట్టుగా మారిన తరువాత ఆ ఆసుపత్రి మెట్లెక్కడానికి ఏ కుటుంబం ధైర్యం చేస్తుంది?

సినిమా వినోదం కోసమే గదా, ఇంత పట్టింపు ఎందుకని పాఠకులు అడగవచ్చును. గుండెజబ్బు ఎలా ఉంటుందో, మధుమేహం ఎలా ఉంటుందో మనము బంధువుల ఇండ్లలో చూచి తెలుసుకొంటాము. మనసుకు వచ్చే జబ్బును మాత్రం ప్రతి ఇల్లూ దాచిపెడుతుంది. అందువలన ఆ విషయంలో మనలో చాలామందికి సినిమాయే పాఠ్యపుస్తకం అయినది. పుస్తకంలో పాఠం తప్పుగా అచ్చయితే ఆ తప్పు మన గుమ్మం దాకా వస్తుంది. కనుక ఈ మాసం శీర్షికలో, మనసు దెబ్బతినే క్రమాన్ని నిజాయితీగా చూపిన కొన్ని చిత్రాలను పరిశీలించదలచినాము.

లోహపు అలసట

వృత్తిరీత్యా మేము విరిగిన వస్తువులను పరిశీలించేవారము. యంత్రంలో తిరుగుతున్న ఇరుసు ఒకనాడు పుటుక్కున విరుగుతుంది. "నిన్నటిదాకా భేషుగ్గా నడిచింది, ఇవాళ ఉన్నట్టుండి పోయింది" అని అందరూ అంటారు. ఆ విరిగిన ముఖాన్ని శుభ్రం చేసి భూతద్దం కింద పెడితే కథ వేరుగా ఉంటుంది. ఒక అంచున సూదిమొనంత మచ్చ కనబడుతుంది. అక్కడినుండి బయలుదేరి, ఇసుకమీద అలలు విడిచిపోయిన గీతలవంటివి ఒకదాని వెనుక ఒకటి కనబడతాయి. పగులు కొద్దికొద్దిగా ముందుకు సాగిన చరిత్ర అది. చివరి రోజున మిగిలిన పిడికెడు లోహం భారం మోయలేక తెగిపోయినది, అంతే. పంతొమ్మిదవ శతాబ్దంలో జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై ప్రయోగాలు చేసి, ఒక్కసారి మోపితే సునాయాసంగా భరించే బరువునే లక్షలసార్లు మోపితే ఇరుసు విరుగుతుందని నిరూపించినాడు. దీనినే లోహపు అలసట అంటాము.

మంచి చిత్రానికీ నాసిరకం చిత్రానికీ తేడా ఇక్కడే ఉన్నదని మాకు తోచినది. నాసిరకం చిత్రం విరిగిన క్షణాన్ని మాత్రమే చూపుతుంది. మంచి చిత్రం ఆ గీతలను చూపుతుంది. మొదటి పగులు ఎక్కడ పడినది, ఏ బరువు ఎన్నిసార్లు పడినది, ఆ సమయంలో పక్కనున్నవారు ఏమి చేస్తున్నారు అన్నది మనకు తెలియజేస్తుంది.

ఇది చెప్పినంత సులభం కాదు. కెమెరా పైకి కనబడేదానినే పట్టగలదు. ఒకరి చెవిలో మాత్రమే మోగే గొంతును అది ఫోటో తీయలేదు. 2001లో అమెరికాలో వచ్చిన 'ఎ బ్యూటిఫుల్ మైండ్' ఈ చిక్కును ఒక ఉపాయంతో దాటినది. 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకొన్న గణితవేత్త జాన్ నాష్ జీవితం దానికి ఆధారం. ఆయనను పీడించినవి ప్రధానంగా లేని గొంతులు వినబడడం, తనకేవో రహస్య సందేశాలు అందుతున్నాయన్న నమ్మకం. చిత్రంలో వాటికి బదులుగా రక్తమాంసాలున్న మనుషులను నిలబెట్టినారు. కళాశాల గదిలో మిత్రుడు, అతని మేనకోడలు, ఒక గూఢచారి అధికారి. వారెవరూ నిజంగా లేరన్న సంగతి చాలాసేపటి వరకు ప్రేక్షకునికి తెలియదు. భ్రాంతిలో ఉన్నవానికి అది భ్రాంతి అని తోచదన్న సత్యం ఈ విధంగా ప్రేక్షకునికి స్వయంగా అనుభవంలోకి వస్తుంది.

ఉపాయం గొప్పదే. కాని మన ఇండ్లలో మనము నిలబడే చోటు రోగి తలలోపల కాదు, రోగి పక్కన. పక్కన నిలబడినవారివైపు కెమెరాను తిప్పిన దర్శకులు మన దేశంలోనే ఉన్నారు.

దేవత అయిన కోడలు

సత్యజిత్ రాయ్ 'దేవి' 1960లో వచ్చినది. ప్రభాత్‌కుమార్ ముఖోపాధ్యాయ్ బెంగాలీ కథ దానికి మూలం. కథాకాలం పంతొమ్మిదవ శతాబ్దం, స్థలం ఒక బెంగాలీ పల్లె. జమీందారు కాళికింకర్ రాయ్ గొప్ప కాళీభక్తుడు. చిన్నకొడుకు ఉమాప్రసాద్ కలకత్తాలో చదువుకొంటూ ఉంటాడు. అతని భార్య దయామయి మామగారికి సేవ చేస్తూ, బావగారి చిన్నకొడుకు ఖోకాను ముద్దులాడుతూ ఆ ఇంటికి దీపంలా మసలుతుంటుంది. ఒక రాత్రి మామగారికి కల వస్తుంది. చీకటిలో దేవి మూడు కన్నులు కనబడతాయి, వాటి చుట్టూ మెల్లగా చిన్నకోడలి ముఖం రూపుకడుతుంది. మెలకువ రాగానే ఆయన వచ్చి ఆమె కాళ్ళమీద పడతాడు.

ఈ క్షణాన్ని రాయ్ చిత్రించిన తీరు గమనింపదగినది. ఉరుములు లేవు, తిరిగే కెమెరా లేదు. దయ గోడవైపు తిరిగిపోతుంది. ఆమె కాలివేళ్ళు ముడుచుకొంటాయి. పెద్దల కాళ్ళకు తాను మొక్కవలసినదే తప్ప, పెద్దలు తన కాళ్ళు ముట్టరాదన్న సంస్కారంలో పెరిగిన పిల్ల ఆమె. ఆ పాదాలను ఎక్కడ దాచుకోవాలో తెలియని అవస్థ అంతా ఆ వేళ్ళలో ఉన్నది. మొదటి పగులు అదే. దయ పాత్ర ధరించిన షర్మిలా టాగోర్‌కు అది రెండవ చిత్రం మాత్రమే. అయినా గట్టిగా ఒక కేక పెట్టకుండానే ఆ బాలిక భయాన్ని మనకు అందించినది.

ఆపైన గీతలు వరుసగా పడతాయి. ఆమెను పీటమీద కూర్చోబెట్టి పూలదండలు వేస్తారు. ధూపం, గంటలు, శంఖం, మంత్రాలు గంటలకొద్దీ సాగుతాయి. ఆమె తట్టుకోలేక సొమ్మసిల్లిపోతే దానిని కూడా దైవమహిమగానే భావిస్తారు. ఒక పేదవాడు చావుబతుకుల్లో ఉన్న పసివానిని తెచ్చి ఆమె ముందు పెడతాడు, ఆ పసివాడు కళ్ళు తెరుస్తాడు. దానితో చుట్టుపక్కల ఊళ్ళ జనం బారులు తీరుతారు. మునుపు ఆమెతో నవ్వుతూ మాట్లాడినవారు ఇప్పుడు చేతులు జోడిస్తారు. ఆమెతో ఆడుకోవడానికి ఖోకా కూడా దగ్గరకు రాడు. మనుషుల మధ్య మనిషిగా ఉండే అవకాశం ఒక్కొక్క రోజూ కొంత కొంత తగ్గిపోతుంది.

తోడికోడలు హరసుందరి మాత్రం ఇదంతా నమ్మదు. ఆమె ఉత్తరం రాయగా ఉమాప్రసాద్ పరుగున వస్తాడు. రాత్రివేళ భార్యను తీసుకొని నదిదాకా వెడతాడు. అక్కడ ఒడ్డున, నిమజ్జనం చేసిన విగ్రహపు మట్టి కరిగిపోగా మిగిలిన గడ్డిబొమ్మ కనబడుతుంది. దయ ఆగిపోతుంది. ఒకవేళ తాను నిజంగానే దేవి అయితే ఏమవుతుందోనన్న భయం ఆమెను వెనుకకు లాగుతుంది. బయట ఉన్న పిచ్చి నమ్మకం ఆమె లోపలికి ప్రవేశించిన క్షణం అదే. తరువాత ఖోకాకు జ్వరం వస్తుంది. వైద్యం బదులుగా వానిని తెచ్చి దయ ఒడిలో పడుకోబెడతారు. పసివాడు చనిపోతాడు. నిన్నటి దేవి నేడు అపరాధి అవుతుంది. ఉమాప్రసాద్ మళ్ళీ వచ్చేసరికి కాటుక చెదిరిన కళ్ళతో, తనను చంపివేస్తారన్న భయంతో ఉన్న దయ అతని చేతికి అందకుండా పొలాలకు అడ్డంగా పరుగెత్తిపోతుంది.

ఈ కథలో దుర్మార్గుడెవడూ లేడు. మామగారికి కోడలిపై ఉన్నది వాత్సల్యమే, భక్తే. అయినా బరువు బరువే. పూలదండల రూపంలో వచ్చినంత మాత్రాన అది తేలిక కాలేదు.

వంతు వచ్చిన మాస్టారు

1987లో మలయాళంలో వచ్చిన 'తనియావర్తనం' మరొక రకం బరువును చూపుతుంది. లోహితదాస్ చిత్రాలకు రాసిన మొదటి కథ ఇదే. దర్శకుడు సిబి మలయిల్. కచేరీలో తక్కినవారందరూ ఆపివేయగా మృదంగ విద్వాంసుడు ఒంటరిగా వాయించే ఘట్టాన్ని తని ఆవర్తనం అంటారన్నది సంగీతప్రియులకు తెలిసినదే. ఈ చిత్రంలో ఒంటరి అయ్యేవాడు బాలన్ మాస్టారు. పాఠశాలలో బొమ్మలు నేర్పే సౌమ్యుడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ పాత్రను మమ్ముట్టి ధరించినాడు.

మాస్టారి వంశంలో తరానికొక మగవానికి పిచ్చి పడుతుందని, అది దేవి శాపమని ఊరి నమ్మకం. ఆయన మేనమామను ఇంట్లోనే ఒక గదిలో బంధించి ఉంచినారు. ఆ మేనమామ మరణించగానే, తరువాతి వంతు ఎవరిదని ఊరంతా చూపులు సారిస్తుంది. ఆ చూపులు మాస్టారిమీద ఆగుతాయి. ఒక రాత్రి పీడకల వచ్చి ఆయన ఉలిక్కిపడి అరుస్తాడు. పీడకలలు ఎవరికి రావు? కాని తెల్లవారేసరికి ఆ అరుపు ఊరంతా పాకుతుంది. ఆయన కోపగిస్తే అది లక్షణం. మౌనంగా ఉంటే అదీ లక్షణమే. తనకేమీ లేదని వాదిస్తే అంతకంటే పెద్ద లక్షణం. పిల్లలు ఆయన తరగతికి రావడానికి జంకుతారు. ఉద్యోగానికి దూరం చేస్తారు. భార్యాబిడ్డలను పుట్టింటివారు తీసుకొనిపోతారు. అందరూ కలిసి ఆయనకొక పాత్ర అప్పగించినారు, చివరకు ఆ పాత్ర తప్ప ఆయనకు మరేదీ మిగలలేదు. ముగింపులో కన్నతల్లి అన్నంలో విషం కలిపి కొడుకుకు తన చేతితో తినిపించి, తానూ ప్రాణం విడుస్తుంది.

ఈ చిత్రం చూచిన తరువాత మన ఇండ్లలో సంబంధాలు వెదికేటప్పుడు జరిగే మాటలు జ్ఞాపకం చేసుకొనవలెను. "వాళ్ళ పెదనాన్నకు ఏదో ఉండేదట" అన్న ఒక్క గుసగుసతో ఎన్ని సంబంధాలు తప్పిపోయినవో! మానసిక వ్యాధులలో వంశపారంపర్యానికి కొంత పాత్ర ఉన్నదన్నది నిజమే. కాని ఎంత? స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన వ్యాధి తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నప్పటికీ, అటువంటి వంద మంది పిల్లలలో సుమారు 90 మందికి అది రాదు. మేనమామ, పెదనాన్న వరుసలకు ఆ అవకాశం ఇంకా తక్కువ. ఊరి లెక్కకూ వైద్యుల లెక్కకూ మధ్య ఉన్న ఈ వ్యత్యాసంలోనే బాలన్ మాస్టారు నలిగిపోయినాడు.

దీపం పట్టుకొన్న చేయి

మూడవ రకం బరువు సేవ చేసేవారిపై పడేది. 1959లో అసిత్ సేన్ బెంగాలీలో తీసిన 'దీప్ జ్వేలే జాయ్' మన పాఠకులలో కొందరికి ఆ పేరుతో తెలియకపోయినా కథ తెలిసే ఉంటుంది. మరుసటి సంవత్సరమే, 1960లో, అది తెలుగులో 'చివరకు మిగిలేది'గా వచ్చినది. గుత్తా రామినీడు దర్శకులు, నర్సు పాత్ర ధరించినది సావిత్రి. బెంగాలీలో ఆ పాత్ర సుచిత్రా సేన్‌ది. తరువాత అసిత్ సేన్ స్వయంగా హిందీలో 'ఖామోషీ' తీసినప్పుడు వహీదా రెహమాన్‌ది.

మానసిక చికిత్సాలయంలో పెద్ద డాక్టరు ఒక ప్రయోగం చేస్తుంటాడు. ప్రేమలో భంగపడి మతి చెడిన రోగికి నర్సు ప్రేమగా, ఆత్మీయురాలిగా నటించి స్వస్థత చేకూర్చవలెను. ఆమె మనసు మాత్రం అందులో చిక్కుకోరాదు. ఇది వైద్యశాస్త్రం ఒప్పే పద్ధతి కాదు, కథ కోసం చేసిన కల్పన. ఆ కల్పనలోనుండి ఒక వాస్తవం బయటపడుతుంది. మొదటి రోగి కోలుకొని తన దారిన తాను వెళ్ళి వేరొకరిని పెండ్లాడతాడు. నర్సు మనసు అక్కడే ఒకసారి పగిలినది. ఆ సంగతి ఎవరూ అడగరు. రెండవ రోగిని అప్పగిస్తారు. ఆమె తొలుత నిరాకరించి, తరువాత ఒప్పుకొంటుంది. ఈ రోగి కూడా కోలుకొంటాడు. ఇన్నాళ్ళూ నటించడం తనకు చేతకాలేదని నర్సు బయటపడేసరికి ఆమె మతి చెదిరి ఉంటుంది. తాను పనిచేసిన ఆసుపత్రిలోనే రోగిగా చేరుతుంది.

కొలమానాలన్నీ రోగివైపే పెట్టి, నర్సువైపు ఒక్కటీ పెట్టకపోవడం అక్కడ జరిగిన లోపం. పక్షవాతం వచ్చిన అత్తగారినో, మతిమరుపు ముదిరిన తండ్రినో, మనోవికలుడైన బిడ్డనో ఏండ్ల తరబడి చూచుకొంటున్న గృహిణులు మన మధ్య ఎందరో ఉన్నారు. "పెద్దాయనకు ఎలా ఉంది?" అని అడిగేవారు చాలామంది. "నీకు రాత్రి నిద్ర పడుతున్నదా, అమ్మా?" అని ఆమెను అడిగేవారు ఎందరు?

బరువు లేకున్నా వచ్చే జబ్బు

ఇంతవరకు చెప్పినది విని, ఎక్కడ మతి చెడినా అక్కడ ఇంటివారిదే దోషమని ఎవరైనా నిర్ణయించుకొంటే అది మరొక అన్యాయం అవుతుంది. ఏ లోటూ లేని ఇంట, ఎంతో ప్రేమగా పెంచిన బిడ్డకు కూడా స్కిజోఫ్రీనియా రావచ్చును. లోహంలో సైతం పైకి కనబడని లోపం పోతపోసిననాడే ఉండిపోవచ్చును గదా. అటువంటి తల్లిదండ్రులను "మీ పెంపకంలో ఏదో లోపం" అని దెప్పడం వారి నెత్తిన మరొక బండ పెట్టడమే.

ఈ సంగతిని అపర్ణా సేన్ 2005లో తీసిన '15, పార్క్ అవెన్యూ' బాగా పట్టుకొన్నది. మీఠీ అనే యువతికి స్కిజోఫ్రీనియా. ఒక ఘోర దురాగతానికి గురి అయిన తరువాత ఆమె వ్యాధి ముదురుతుంది. తనకు భర్త, అయిదుగురు పిల్లలు ఉన్నారని, వారు కలకత్తాలో 15, పార్క్ అవెన్యూలో ఉంటారని ఆమె నమ్ముతుంది. ఆ చిరునామా ఎక్కడా లేదు. ఆమెను చూచుకొనేది అక్క అంజలి, భౌతికశాస్త్ర ఆచార్యురాలు. తల్లి ఒక భూతవైద్యుని పిలిపిస్తే అక్క అడ్డుపడుతుంది. అంతమాత్రాన తల్లి చెడ్డది కాదు, ఏదైనా చేసి బిడ్డను దక్కించుకోవాలన్న ఆరాటం ఆమెది. ఆ తల్లి పాత్ర ధరించినది, 'ఖామోషీ'లో నర్సుగా నటించిన వహీదా రెహమానే. మీఠీగా కొంకణా సేన్ శర్మ, అంజలిగా షబానా ఆజ్మీ నటించినారు. అక్క తన పెండ్లిని, తన జీవితాన్ని వాయిదా వేసుకొంటూ పోవడం, అప్పుడప్పుడు విసుగుకోవడం, ఆ విసుగుకు మళ్ళీ తానే బాధపడడం ఉన్నవి ఉన్నట్లు చూపినారు. ఈ చిత్రంలో శాపం లేదు, ఎవరిమీదా నిందలేదు. ఉన్నది ఒక జబ్బు, దానితో కాపురం చేస్తున్న ఒక ఇల్లు.

ఇక్కడ మా ఇనుప ఉపమానాన్ని ఆపివేయవలసి ఉన్నది. పగిలిన ఇరుసు తనంతట తాను అతుకదు, దానిని మార్చివేయడమే మార్గం. మనసు అటువంటిది కాదు. మందులతో, మాటలతో, విశ్రాంతితో అది కోలుకొంటుంది, పనిచేస్తుంది, నవ్వుతుంది. మేము పైన ప్రశంసించిన చిత్రాలపై మాకున్న ఫిర్యాదు కూడా ఇదే. దయ పొలాలలో మాయమైనది, మాస్టారు మరణించినాడు, నర్సు రోగి అయినది, చివరి దృశ్యంలో మీఠీ కూడా ఇంటివారి కంటికి కనబడకుండా పోతుంది. పతనాన్ని అంత శ్రద్ధగా చిత్రించిన మన గొప్ప దర్శకులు తిరిగి లేచి నిలబడడాన్ని అంత శ్రద్ధగా చిత్రించలేదు. 'ఎ బ్యూటిఫుల్ మైండ్' ఆ పని చేసినది. అందులో ఒక కల్పన కూడా చేసినది. కోలుకొన్న నాష్ కొత్త మందులు వాడుతున్నట్లు ఆయనచేత చెప్పించినారు. వాస్తవానికి 1970 తరువాత ఆయన మందులు వాడలేదు. మందులు లేకుండా కోలుకోవడం కొందరికి మాత్రమే సాధ్యమయ్యేది. అది చూచి తక్కినవారు మందులు మానివేసే ప్రమాదం ఉన్నది గనుక, ఆ ఒక్క అబద్ధాన్ని మేము తప్పుపట్టము.

తెరమీదికి రాని కథ

అటువంటి పునరాగమనం ఒకటి మేము ఎరుగుదుము. చాలా ఏండ్ల క్రితం మేము పనిచేసిన ఒక ప్లాంటులో టర్బైన్ విభాగంలో ఒక ఫిట్టరు ఉండేవాడు. పనిమంతుడు, మితభాషి. ఓవర్‌హాల్ సమయంలో మూడు వారాలపాటు వరుసగా రాత్రి షిఫ్టు చేసిన తరువాత అతనిలో మార్పు కనబడినది. రెండు గంటల నిద్ర చాలునని అనడం మొదలుపెట్టినాడు. గడగడ మాట్లాడేవాడు. ప్లాంటును బాగుచేసే పథకాలు నలభై పేజీల ఉత్తరాలుగా రాసి పై అధికారులకు పంపినాడు. ఒక జీతం రోజున మూడు కుట్టుమిషన్లు కొని ఇంటికి తెచ్చినాడు. తోటివారికి ఇది వేడుక అయినది, అతనికి "చైర్మన్‌గారు" అని పేరు పెట్టినారు. డ్యూటీకి రావడం మానివేసిన తరువాత, పచ్చకామెర్లని భార్య ఇరుగుపొరుగువారికి చెప్పినది.

జరుగుతున్నదేమిటో గ్రహించినవాడు అతని ఫోర్‌మన్. పెద్ద చదువు లేనివాడు. "వాడి పానాలు బోర్డుమీద ఏ మేకుకు ఆ మేకుకు ఉండేవి, సార్. పది రోజులనుంచి బల్లమీద కుప్పగా పడున్నాయి. వాడికి ఒంట్లో బాగులేదు" అన్నాడు. భార్యను వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్ళినాడు. ఆడవారిద్దరూ వంటింట్లో ఏమి మాట్లాడుకొన్నారో కాని, మరునాడు ఉదయం నలుగురూ కలిసి రైలెక్కి పట్నంలోని మానసిక వైద్యుని వద్దకు పోయినారు. వచ్చిన జబ్బుకు పేరున్నది, మందున్నది. నిద్ర చెడడం దానిని రెచ్చగొట్టే కారణాలలో ముఖ్యమైనదని, రాత్రి షిఫ్టు కూడదని డాక్టరు రాసి ఇచ్చినాడు. రెండు నెలల తరువాత ఫిట్టరు తిరిగి వచ్చినాడు. ఫోర్‌మన్ పట్టుబట్టి అతనిని టూల్‌రూములో పగటి డ్యూటీకి వేయించినాడు, చైర్మన్ అన్న పేరు తన ఎదుట ఎవరూ పలుకకుండా చూచినాడు. ఆ తరువాత 18 ఏండ్లు ఆ ఫిట్టరు పనిచేసినాడు. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టినది, రెండుసార్లూ త్వరగా గుర్తించినారు. కూతురి పెండ్లి చేసి, గౌరవంగా పదవీ విరమణ పొందినాడు. దీనిని ఎవరూ సినిమాగా తీయరు, ఇందులో విరిగిన పళ్ళెం లేదు గనుక.

అతనికి పచ్చకామెర్లని చెప్పవలసివచ్చిన ఆ భార్య వంటివారు ఈనాటికీ ఎందరో ఉన్నారు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి వంద మంది పెద్దలలో సుమారు 10 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. ఏ కాలనీలోనైనా వీధికి ఎన్ని ఇండ్లున్నాయో లెక్కపెట్టుకొంటే ఈ అంకె అర్థం ఎవరికి వారికే తెలుస్తుంది. చికిత్సకు బదులు సంకెళ్ళు నమ్ముకొంటే ఏమి జరుగుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశమంతా చూచినది. స్వస్థత కోసం దర్గా సమీపాన ఉన్న ఒక ఆశ్రమంలో కట్టివేసి ఉంచిన 28 మంది, నిప్పంటుకొన్నప్పుడు పారిపోలేక ప్రాణాలు కోల్పోయినారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించినది. మత్తు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయరాదన్నది, కనుక సినిమాలలో చూపే షాకు దృశ్యాలకు భయపడి ఆసుపత్రికి దూరం కానవసరం లేదు. ఇతర జబ్బులతో సమానంగా మానసిక వ్యాధికి కూడా బీమా కల్పించవలెనని ఆ చట్టమే చెప్పినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అన్న నంబరుకు ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చును. పేరు చెప్పడానికి జంకేవారికి ఇది మొదటి మెట్టు కాగలదు.

ఈ చిత్రాలు దొరికినప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి చూడవలసినదిగా మా మనవి. చూచిన తరువాత ఒక ప్రశ్న వేసుకొనండి. ఏ రోజున, ఎవరు, ఏమి చేసి ఉంటే ఈ కథ దారి మారేది? 'దేవి' చూచిన రాత్రి మా ఇంట్లో ఈ ప్రశ్న వేసినాము. అబ్బాయి, నదిఒడ్డున ఉమాప్రసాద్ ఆమెను బలవంతంగానైనా పడవ ఎక్కించి ఉండవలసినదన్నాడు. మా శ్రీమతి అంతవరకు పోనక్కరలేదన్నది. పీటమీద ఆ పిల్ల సొమ్మసిల్లినప్పుడు హారతి పక్కన పెట్టి ఎవరైనా లేవదీసి ఇన్ని మంచినీళ్ళు తాగించి ఉంటే చాలునన్నది.

వచ్చే మాసం మరొక చిత్రంతో కలుసుకొందాము.